బ్యాటరీ బండి, పెట్రోలు బండి: బస్తర్ వైపు నుంచి ఒక ధర్మసందేహం

గోల్ఫ్ ఆటగాళ్లను, వాళ్ల కర్రల సంచులను మోయడానికి పుట్టిన చిన్న బండి ఆ పచ్చిక మైదానాలు దాటి ఎప్పుడో బయటికి వచ్చేసింది. అమెరికాలో జార్జియా రాష్ట్రపు పీచ్‌ట్రీ సిటీలో ఇవి తిరిగే బాటలు దాదాపు 100 మైళ్లున్నాయి. కూరగాయలకీ, బడికీ, చుట్టపుచూపుకీ అక్కడి జనం వీటి మీదే వెళతారు. భారతదేశంలో ఇదే బండి రైల్వే ప్లాట్‌ఫారం మీద ముసలివాళ్లను ఎక్కించుకుని హారన్ కొట్టుకుంటూ పోతుంది. జంతుప్రదర్శనశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో, గుడి ప్రాంగణాల్లో ‘బ్యాటరీ కారు’ అనిపించుకుంటుంది. రోడ్డెక్కి కూలీనాలీ చేసుకునేవాళ్లకు అందుబాటులోకి వచ్చిన దీని చుట్టం ఈ-రిక్షా. 2014, 15 సంవత్సరాల్లో మోటారు వాహనాల చట్టాన్ని, నియమాలను సవరించి దీనికి చట్టబద్ధత ఇచ్చారు: గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం, నలుగురు ప్రయాణికులు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఈ బండికి ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. మావోయిస్టు హింసతోనే వార్తల్లోకెక్కుతూ వచ్చిన దంతెవాడలో ఆదివాసీ స్త్రీలు ఈ-రిక్షాలు నడుపుతున్న సంగతిని 2018 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. స్త్రీకి జీతం, ఊరికి రవాణా, గాలికి మేలు అన్న మూడు పుణ్యాలూ ఆ బండికి ఒకేసారి దక్కాయి. మొదటి రెండింటి మీద తగవు లేదు. మూడోదాని మీదే విచారణ. పొగ రాని బండి ఎక్కినవాడికి పాపం అంటదా? పెట్రోలు బండి ఎక్కినవాడికి అంటుతుందా? ప్రశ్న చూడడానికి చాదస్తంగా ఉన్నా, దీన్ని చాలా సీరియస్‌గా తీసుకున్న మతాలు ఉన్నాయి.

ముందు రెండు బండ్ల మధ్య తేడా. పెట్రోలు గోల్ఫ్ బండిలో సాధారణంగా 400 సీసీకి అటూఇటూగా ఇంజను ఉంటుంది. కాల్చిన పెట్రోలులో నాలుగోవంతు శక్తి చక్రానికి చేరితే గొప్ప; మిగిలిందంతా వేడిగా, పొగగా, చప్పుడుగా పోతుంది. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. బ్యాటరీ బండి మోటారు తనకు అందిన విద్యుత్తులో నూటికి ఎనభై పాళ్లకు పైగా కదలికగా మారుస్తుంది. అయితే ఆ విద్యుత్తు ఎక్కడినుంచో రావాలి. దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సగటున 0.7 కిలోల చొప్పున అదే వాయువు పుడుతోంది. చిన్న బండి ఒకటి కిలోమీటరుకు యూనిట్‌లో పదోవంతు తాగుతుందనుకుంటే 70 గ్రాములు. అలాంటిదే పెట్రోలు బండి లీటరుకు 15 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే 150 గ్రాములు. అంటే బ్యాటరీ బండి దోషం సగం. సున్నా మాత్రం కాదు. ఆ సగం కూడా బండి వెనక గొట్టంలోంచి కాక, ఎక్కడో కోర్బా దగ్గరి బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల్లోంచి వస్తుంది.

నిప్పుకూ విద్యుత్తుకూ తేడా ఉందా లేదా అన్న విచారం మత విషయంగా మారింది జైనంలో. జైన సిద్ధాంతంలో మట్టి, నీరు, గాలిలాగే నిప్పు కూడా జీవుల శరీరమే. నిప్పు రాజేయడమంటే వాటిని పుట్టించి చంపడమే. అందుకే సాధువులు దీపం వెలిగించరు, వాహనం ఎక్కరు. అడుగు ముందు నేల చూసుకుంటూ నడుస్తారు. విద్యుత్తు వచ్చాక కొత్త సందేహం లేచింది: తీగలో ప్రవహించేది ప్రాణమున్న అగ్నేనా, లేక నిర్జీవ పదార్థమా? సంప్రదాయవాదులు అగ్నే అన్నారు. శ్వేతాంబర తేరాపంథ్ శాఖలోని పండితులు కొందరు కాదన్నారు, భౌతికశాస్త్రాన్ని సాక్ష్యానికి పిలిచి పుస్తకాలే రాశారు. ఆ శాఖ ఆచార్యుడు తులసి 1980లో వాహనాలెక్కి దూరదేశాలకు వెళ్లగల సమణ శ్రేణి అనే మధ్యస్థ సన్యాసాన్ని ఏర్పాటు చేశాడు. మిగతా సాధువులు నేటికీ లారీలు పరిగెత్తే జాతీయ రహదారుల అంచున కాలినడకన పోతూనే ఉన్నారు.

యూదుల్లోనూ ఇలాంటిదే ఉంది. వాళ్ల విశ్రాంతి దినమైన శనివారం నాడు నిప్పు రాజేయకూడదు. పెట్రోలు ఇంజను తిప్పితే లోపల మంట లేస్తుంది కాబట్టి దాని సంగతి నిస్సందేహం. విద్యుత్తు మాటే ఇరవయ్యో శతాబ్దమంతా వాళ్ల ధర్మశాస్త్రజ్ఞులను వేధించింది. నడవలేని వృద్ధుల కోసం ఇజ్రాయెల్‌లోని జోమెట్ సంస్థ ఒక బ్యాటరీ స్కూటర్ తయారుచేసింది. అందులో మనిషి మీట నొక్కితే నేరుగా మోటారు తిరగదు. యంత్రం తనంతట తాను నిర్ణీత విరామాల్లో మీటలను పరీక్షించుకుని స్పందిస్తుంది. చేసినవాడికీ పనికీ మధ్య ఒక ఎడం పెడితే దోషం తగ్గుతుందని ఆ ఏర్పాటు వెనక తర్కం. ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. బ్యాటరీ బండి విషయంలో మామూలు మనుషులు కూడా తెలియకుండానే ఈ తర్కాన్నే వాడుకుంటారు.

భారతీయ శాస్త్రాల్లో ఆ ఎడానికి పేరుంది. పతంజలి యోగసూత్రాలు, జైన గ్రంథాలు హింసను మూడు రకాలు చేశాయి: తానే చేసినది కృతం, ఇంకొకరి చేత చేయించినది కారితం, ఎవరో చేస్తుంటే సరేనన్నది అనుమోదితం. పెట్రోలు బండిలో కృతం ఎక్కువ. పొగ తన వెనకే వస్తుంది, వెనక నడిచేవాడు దగ్గుతాడు, అద్దంలో కనిపిస్తాడు. బ్యాటరీ బండిలో కృతం దాదాపు లేదు, ఉన్నదంతా కారితం. బొగ్గు తవ్వించడం, సీసం కరిగించడం, బూడిద చెరువులు నింపించడం అన్నీ జరుగుతాయి, కానీ బండి తోలేవాడి చేతికి మసి అంటదు. కృతం కన్నా కారితం తేలికని శాస్త్రం ఎక్కడా అనలేదు. మూడింటినీ ఒకే గాట కట్టింది.

ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఈ చర్చ చేస్తే ‘ఎక్కడో’ అన్న మాటకు రూపం ఉండదు. బస్తర్‌లో ఆ సౌకర్యం లేదు. ఆ ‘ఎక్కడో’ ఉన్నది అక్కడే. ఒక బౌద్ధ గ్రంథంలో మిలింద రాజు ఎక్కి వచ్చిన రథం గురించి అడుగుతూ నాగసేన భిక్షువు, ఇరుసు రథమా, చక్రం రథమా అని ఒక్కొక్క భాగాన్నీ విడదీసి, భాగాలకు వేరుగా రథమనేది లేదని ఒప్పించాడు. ఆ వాదాన్ని ఇంకో మెట్టు ముందుకు జరిపి, ఒక్కొక్క భాగం ఏ కొండలోంచి వచ్చిందని అడిగితే, జవాబుల్లో చాలా వాటికి ఊరి పేర్లు ఉన్నాయి.

దంతెవాడకు దక్షిణంగా ఉన్న కొండల వరుస పేరు బైలాడీలా, అంటే ఎద్దు మూపురం. ఎద్దుబండ్ల కాలంలో దూరం నుంచి చూసినవాళ్లు పెట్టిన పేరు. 1968లో కిరందుల్ దగ్గర జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ తవ్వకం మొదలుపెట్టింది. ఆ ఖనిజం జపాన్‌కు పంపడానికే 1960లలో తూర్పు కనుమలను తొలిచి సుమారు 445 కిలోమీటర్ల కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం వేశారు. విశాఖపట్నం వాళ్లకు అది అరకు వెళ్లే అద్దాల పెట్టె రైలు దారి. బస్తర్ వాళ్లకు కొండ కరిగి సముద్రానికి పోయే దారి. 1980ల మొదట్లో ఆ మార్గమంతా విద్యుదీకరించారు. కాబట్టి బస్తర్‌లో విద్యుత్ వాహనం కొత్తదేమీ కాదు. అక్కడికి వచ్చిన మొదటి పెద్ద విద్యుత్ బండి ఇనుప ఖనిజాన్ని మోసుకుపోయే రైలే. ఇప్పుడు జగదల్‌పూర్ పక్కన నగర్‌నార్‌లో ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారం కూడా ఉంది. 2023 అక్టోబరులో దాన్ని జాతికి అంకితం చేశారు.

గనుల కింద పారే శంఖిని నది ఖనిజపు మట్టితో ఎర్రబారి దశాబ్దాలైంది. ఆ శంఖిని, డంకిని కలిసేచోటే దంతేశ్వరి గుడి. ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి నిలిపాడని స్థానిక చరిత్ర చెప్పే కాకతీయ వంశానికి ఇలవేల్పు ఆమె. నవరాత్రుల్లో జగదల్‌పూర్ నుంచి కూడా జనం ఎనభై కిలోమీటర్లకు పైగా నడిచి ఆమె దగ్గరికి వస్తారు. నడక ముగించి కాళ్లు కడుక్కునే నీళ్ల రంగుకు, వాళ్లు పెట్రోలు బండి ఎక్కలేదన్న పుణ్యానికీ సంబంధం లేదు. బండి ఏదైనా ఇనుము ఇనుమే. బ్యాటరీ బండి చట్రం, పెట్రోలు బండి చట్రం ఒకే కొండలోంచి రావచ్చు.

కొండను దేవుడనుకునేవాళ్లకు ఇది ఉపమానం కాదు. బైలాడీలా వరుసలో 13వ నిక్షేపంగా లెక్కలకెక్కిన శిఖరం చుట్టుపక్కల గ్రామాలకు నంద్‌రాజ్ దేవుడి ఇల్లు. అక్కడ తవ్వడానికి చెట్లు కొట్టడం మొదలయ్యాక 2019 జూన్‌లో వేలమంది ఆదివాసీలు విల్లంబులతో, తిండి మూటలతో వచ్చి కిరందుల్ గని కార్యాలయం ముందు రోజుల తరబడి కూర్చున్నారు. 2014లో తమ గ్రామసభ అనుమతి ఇచ్చిందని చూపిస్తున్న కాగితం దొంగదని, అలాంటి సభ జరగనే లేదని వాళ్ల ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేత ఆపి విచారణకు ఆదేశించింది. ఇనుము వద్దని కాదు వాళ్ల మాట. వాళ్ల ఇళ్లలోనూ గొడ్డలి ఉంది, సైకిలు ఉంది. అడగలేదన్నది అభియోగం.

బ్యాటరీ వైపు దారి ఇంతకన్నా పొడుగు. ఈ-రిక్షాల్లో ఎక్కువగా వాడేది సీసపు బ్యాటరీ. అది చచ్చాక దాన్ని పగలగొట్టి సీసం కరిగించే చోట పిల్లల రక్తంలోకి అదే సీసం చేరుతుంది. కాస్త ఖరీదైన బండ్లలో లిథియం. దేశంలో వేలంలో అమ్ముడుపోయిన మొదటి లిథియం గని బ్లాకు కోర్బా జిల్లాలోని కట్‌ఘోరాయే, 2024లో. అంటే కరెంటు కోసం బొగ్గు తవ్విన జిల్లానే, ఆ కరెంటును దాచే బ్యాటరీ కోసం మళ్లీ తవ్వడానికి సిద్ధమవుతోంది. పెట్రోలు పాపం మాత్రం బస్తర్‌కు పరాయిది. అది చాలావరకు పరదేశాల నుంచి ఓడలో వచ్చి, లారీ ట్యాంకరులో కేశ్‌కాల్ ఘాట్ మలుపులెక్కి దిగుతుంది. బస్తర్‌వాడు పెట్రోలు బండి తోలితే హింస దూరదేశంలో, పొగ ఇంట్లో. బ్యాటరీ బండి తోలితే హింస ఇంటి పక్కన, శుభ్రత ఇంట్లో. విచిత్రమైన ఈ లెక్క వేరే ఊళ్లలో ఇంత స్పష్టంగా కనపడదు.

ఇక్కడ మహాభారతంలోని ధర్మవ్యాధుడు సాక్షిగా నిలబడతాడు, కాస్త ఇబ్బందికరమైన సాక్షిగా. అరణ్యపర్వంలో మిథిలానగరపు మాంసం అంగడిలో కూర్చుని కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధించిన కసాయి అతను. నాగలి దున్నినా జీవులు చస్తాయి, నడిచినా చస్తాయి, పూర్తి అహింస లోకంలో ఎవరికీ సాధ్యం కాదని అతని వాదం. తెలుగు ఉపన్యాసకులు ఈ ముక్క తరచూ చెబుతారు. చెప్పకుండా దాటవేసే ముక్క ఇంకొకటి ఉంది. తాను జంతువును చంపనని, ఇతరులు చంపిన పంది, దున్న మాంసాన్ని అమ్ముతానని కూడా అతనే చెప్పుకుంటాడు. బ్యాటరీ బండివాడి మాటకు ఇది అచ్చమైన నమూనా: బొగ్గు నేను తవ్వలేదు, తవ్వినవాళ్ల దగ్గర కరెంటు కొన్నాను. మనుస్మృతి దీన్ని ఒప్పుకోదు. మాంసం విషయంలో సరేనన్నవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరినీ అది హంతకుల జాబితాలోనే వేసింది. ఒకే సంప్రదాయంలో ఒకరు ఎడాన్ని ఊరటగా చూపితే, ఇంకొకరు దాన్ని చెరిపేశారు.

భగవద్గీత చివరి అధ్యాయం మధ్యేమార్గం ఒకటి చూపిస్తుంది. నిప్పును పొగ కమ్ముకున్నట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కమ్ముకునే ఉంటుంది కాబట్టి, దోషం ఉందని సహజమైన పనిని వదలకూడదని అక్కడి భావం. పొగ లేని నిప్పు ఉందని చెప్పుకునే యుగం వస్తుందని వ్యాసుడు ఊహించి ఉండడు. ఊహించినా ఉపమానం మార్చవలసిన అవసరం ఉండేది కాదు. పొగను రెండువందల మైళ్ల అవతలికి నెట్టడం, పొగ లేకపోవడం ఒకటి కావు. అయితే ఈ మాటను అడ్డం పెట్టుకుని ‘అన్నిటికీ దోషముంది, కనుక ఏదైనా ఒకటే’ అనేవాళ్లు గీతను సగమే చదివినవాళ్లు. దోషం తప్పదన్నంత మాత్రాన దోషాలన్నీ సమానం కావు. గృహస్థు ఇంట్లో పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ అనే అయిదూ జీవహింస స్థానాలేనని ధర్మశాస్త్రం లెక్కగట్టి, వాటికి ప్రాయశ్చిత్తంగా రోజూ చేయవలసిన అయిదు యజ్ఞాలు విధించింది. వంట మానమనలేదు. వంట నిర్దోషమనీ అనలేదు. లెక్క రాసి పెట్టుకోమంది, బాకీ కట్టమంది.

బాకీ ఎప్పుడు కట్టాలన్న దగ్గర మైదానపు ఆచారం, బస్తర్ ఆచారం వేరవుతాయి. తెలుగు ఇళ్లలో దసరా నాడు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి తొక్కిస్తారు, గుమ్మడికాయ పగలగొడతారు. షోరూం నుంచి తెచ్చిన కొత్త బండి తిన్నగా గుడి ముందుకే వెళుతుంది. పూజ అంతా బండి వచ్చాక. కర్మాగారానికి ముందు జరిగినదాంతో ఆ పూజకు పని లేదు. ఇక ముందు ప్రమాదం జరగకూడదన్నదే కోరిక. బ్యాటరీ స్కూటరుకు కూడా అదే నిమ్మకాయ, అదే హారతి. ఈ పూజకు ఇంధనంతో నిమిత్తం లేదు.

బస్తర్ దసరా 75 రోజులది, రావణుడి ఊసు లేనిది. దాని మధ్యలో ఉన్నది కూడా ఒక బండే: జగదల్‌పూర్ వీధుల్లో దంతేశ్వరి ఛత్రాన్ని మోసే కొయ్యరథం. పదిహేనో శతాబ్దపు రాజు పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర చేసి, రథపతి బిరుదుతో పాటు పదహారు చక్రాల రథమెక్కే అధికారం తెచ్చుకున్నాడని కథ. ఆ చక్రాలు పంచుకోగా ఇప్పుడు నాలుగు చక్రాల పూలరథం, ఎనిమిది చక్రాల విజయరథం మిగిలాయి. ఒక ఏడు ఒకటి, మరుసటి ఏడు ఇంకొకటి కొత్తగా కడతారు. ఈ రథం చుట్టూ ఉన్న కర్మకాండలో ఎక్కువ భాగం రథం తయారుకాకముందే జరిగిపోతుంది. తెలుగు పంచాంగం లెక్కన ఆషాఢ అమావాస్య నాడు, అంటే ఉత్తరాది హరేలీ రోజున, అడవి నుంచి తెచ్చిన మొదటి దుంగకు పూజ. దీన్ని పాట్ జాత్రా అంటారు. తర్వాత వడ్రంగి పనిముట్లకు పూజ. తర్వాత చక్రపు నాభికి ఇరుసు కోసం రంధ్రం తొలిచే ముందు దానికి ‘నార్ ఫోడ్నీ’ అని మరో పూజ. చక్రానికి చిల్లు పెట్టడానికి కూడా అనుమతి అడిగే సంస్కృతి ఇది. మహాలయ అమావాస్య రాత్రి కాఛిన్ దేవి పూనిన చిన్నపిల్లను ముళ్ల ఊయల మీద పడుకోబెట్టి, పండగ జరపనిమ్మని రాజు అర్థిస్తాడు. ఆమె పూవు ఇస్తేనే దసరా. ఆ పిల్లది రాజవంశం కాదు, పూజారి వంశమూ కాదు. ఊరి కులాల మెట్ల వరుసలో అట్టడుగున ఉంచిన కుటుంబం.

రథంలో ఏ పని ఎవరిదన్నది కూడా ఊళ్ల పేరుతో ఖరారై ఉంటుంది. కట్టేవాళ్లు బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్‌ల వడ్రంగులు, కమ్మరులు. దుంగలు సాల, తిన్సా చెట్లవి. లాగే తాళ్లు తెలుగువాళ్లు విస్తళ్లు కుట్టుకునే అడ్డాకు తీగ నారతో పేనుతారు. విజయరథం లాగే హక్కు కిలేపాల్ పరగణా మాడియా ఆదివాసీలది. యంత్రం పెడితే తేలికే, ఎవరూ పెట్టరు. ఈ బండికి ఇంధనమేదని అడిగితే మనుషుల భుజాలే అనాలి. అంతకన్నా ముఖ్యం, దాని ప్రతి భాగానికీ చిరునామా ఉంది. నాగసేనుడు విడదీసినా ఈ రథంలో ఒక్క ముక్క అనాథ కాదు.

దీన్ని అహింసా మార్గమని చెప్పడం కుదరదు. దుంగ పూజలోనే మేకను, చేపను, గుడ్డును అర్పిస్తారు. ఏటేటా చెట్లు కూలుతాయి. జైనసాధువు ఈ రథం పక్కన క్షణం నిలబడడు. అడవి ఎంత తగ్గినా రథం అంతే ఎత్తు ఉండాలా అన్న ప్రశ్న బస్తర్‌లోనే లేస్తోంది, లేవవలసిందే. కానీ జైనుడి ప్రశ్న, బస్తర్ పూజారి ప్రశ్న వేర్వేరు. ‘నా చేతికి మరక అంటిందా?’ అన్నది మొదటిది. ‘ఎవరిది తీసుకున్నాను, అడిగానా?’ అన్నది రెండోది. ఆధునిక వాహనాల ప్రచారమంతా మొదటి ప్రశ్న మీదే నడుస్తుంది. శుభ్రం, స్వచ్ఛం, హరితం అనే మాటలన్నీ మడి భాషలోవే. మడి కట్టుకున్నవాడు ఇతరులను తాకకుండా తప్పుకుంటాడు, వాళ్ల బాకీ తీర్చడు. బ్యాటరీ బండిని మడిబట్టలా చూడడమే దాని విషయంలో జరిగే పెద్ద పొరపాటు.

రెండో ప్రశ్నకు చట్టంలోనూ చోటు ఉంది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభ మాటకు విలువ ఇచ్చాయి. పక్కనే ఒడిశాలో నియమగిరి కొండ బాక్సైటు వ్యవహారంలో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, డోంగ్రియా కంధుల దేవుడు నియమరాజా హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. అడిగిన 12 సభలూ వద్దన్నాయి. కాఛిన్ దేవి పూనిన పిల్ల పూవు ఇవ్వకపోవడం లాంటిదే అది. అడగడంలో కాదనే వీలు ఉన్నప్పుడే అది అడగడం.

ఈ వెలుగులో చూస్తే రెండు బండ్ల మధ్య ఎంపిక కొంత తేటపడుతుంది. జగదల్‌పూర్ బజారులో, దంతేశ్వరి గుడి వీధిలో, రోజుకు నలభై యాభై కిలోమీటర్లు తిరిగే బండికి బ్యాటరీయే మేలు. పెట్రోలు బండి వెనక పొగ పీల్చేది రోజంతా రోడ్డు మీదే ఉండే అరటిపళ్లమ్మి, ట్రాఫిక్ పోలీసు, తోటి డ్రైవరు, వాళ్లనెవరూ అడగలేదు. మొత్తం దోషం సగానికి తగ్గడమూ చిన్న విషయం కాదు. ఇంకో కారణం ఉంది, దాన్ని ప్రాయశ్చిత్త శాస్త్రం భాషలోనే చెప్పవచ్చు: బ్యాటరీ బండి దోషం దిద్దుకోదగినది. బొగ్గు కరెంటు స్థానంలో రేపు సూర్యుడి కరెంటు వస్తే, అదే బండి, ఒక్క మర మార్చకుండానే, తక్కువ పాపంతో నడుస్తుంది. పెట్రోలు బండి కొన్ననాటి దోషంతోనే చివరిదాకా బతుకుతుంది. తిరుమల కొండ మీదికి 2022 నుంచి నడుస్తున్న ఎలక్ట్రిక్ బస్సులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. అలిపిరి మెట్లెక్కేవాడి పుణ్యంతో వాటికి పోటీ పెట్టనవసరం లేదు.

అబూజ్‌మాడ్ అడవుల అంచు పల్లెలకు ఈ తీర్పు చెల్లదు. కరెంటు ఉండీ ఉడిగీ వచ్చేచోట, వాన పడితే బాట వాగయ్యేచోట, పురిటినొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి చేర్చాల్సిన రాత్రి పెట్రోలు మోటారుసైకిలే ధర్మం. బస్తర్ లోతట్టున బైక్ అంబులెన్సులు నడుస్తున్నది అందుకే. ధర్మానికి దేశకాలపాత్రలున్నాయన్న పాత మాట ఇంధనానికీ చెల్లుతుంది.

బ్యాటరీని ఎంచుకున్నవాడి మీద ఉండే బాకీలు నిమ్మకాయతో తీరవు. చచ్చిన బ్యాటరీని పాతసామాన్లవాడికి తూకానికి వేయడం, కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వడం ఒకే పని కావు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. తిరిగి ఇచ్చేవాడుంటేనే ఆ నియమానికి ప్రాణం. కొండ విషయంలో చేయగలిగింది ఇంతకన్నా తక్కువ. నంద్‌రాజ్ కొండ మీద నుంచి వచ్చిన ఇనుము ఏ బండిలో ఉందో ఎవరూ చెప్పలేరు. చిరునామా చెరిగిపోవడమే కర్మాగారపు వస్తువు లక్షణం.

కొయ్యరథం సంగతి అలా కాదు. విజయదశమి రాత్రి ఊరు తిరిగి వచ్చాక, మాడియాలు దాన్ని రాజభవనం దగ్గరినుంచి ఎత్తుకుపోయి కుమ్హడాకోట్ అడవిలో దాచేస్తారు. మర్నాడు రాజే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. దొంగిలించినవాళ్లతో కూర్చుని కొత్త బియ్యపు అన్నం తినాలి. ఆ భోజనం అయ్యాకే కిలేపాల్ వాళ్లు తాళ్లు అందుకుంటారు, రథం ఊళ్లోకి తిరిగి కదులుతుంది.